మేత లేని బోను

నాకు కోతులంటే ఒళ్ళు మంట. ఆంజనేయస్వామి గుడి పూజారి భార్య అనకూడని మాట ఇది. కానీ ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, ఉన్న మాట దాచుకోవడం ఈ వయసులో నా వల్ల కాదు. ప్రొద్దుటూరులో మా మిద్దె మీద ఒక్క వేసవి కూడా నేను నిశ్చింతగా వడియాలు ఎండబెట్టుకున్నది లేదు. నీళ్ళ ట్యాంకు మూత తీసి అందులో స్నానాలు చేస్తాయి. ఒకటైతే మా ఆయన సీతాపతి కళ్ళజోడు ఎత్తుకుపోయి ఎదురింటి గోడ మీద కూర్చుంది, అరటిపండు ఇచ్చేదాకా వదల్లేదు. ఆయన మంగళవారం గుళ్ళో వాటికి పళ్ళు పంచి దణ్ణం పెడతాడు. బుధవారం అవే కోతులు మిద్దె ఎక్కితే కర్ర పట్టుకుని తరుముతాడు. ఇదేం భక్తి అని అడిగితే గుళ్ళో ఉన్నప్పుడు స్వామి, ఇంటి మీద ఉన్నప్పుడు కోతి అంటాడు. ఆయనతో వాదించడం కన్నా కోతులతో వేగడమే నయం.

అందుకే మా వీధి చివర వెల్డింగ్ షాపు పెట్టుకున్న జమీర్ కోతులు పట్టే పనిలోకి దిగాడని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. తెలిసినవాళ్ళందరికీ అతని ఫోన్ నంబరు ఇచ్చేదాన్ని. జరిగినదాంట్లో నా పాలు కూడా ఉంది కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

జమీర్‌కు యాభై దాటాయి. సన్నగా పొడుగ్గా ఉంటాడు, కాస్త ఒక పక్కకు వంగి నడుస్తాడు. పదకొండేళ్ళు కువైట్‌లో వెల్డర్‌గా చేసి, ఇక కళ్ళు మంటను తట్టుకోలేవని డాక్టర్లు చెబితే తిరిగొచ్చాడు. భార్య చనిపోయి ఆరేళ్ళయింది. ఇంట్లో తల్లి చాంద్‌బీ ఉంది, ఎనభై ఏళ్ళ మనిషి, వీధి మొత్తానికి వినపడేలా మాట్లాడుతుంది. ఒక్కతే కూతురు ఆర్షియా. నా దగ్గరే పదో తరగతి చదువుకుంది, చెన్నూరులో ఇచ్చారు. పెళ్ళయిన నాలుగేళ్ళలో రెండుసార్లు కడుపు నిలవక పోయింది. మూడోసారి నిలిచింది. ఆ పిల్ల మీదే ఆ ఇంటి ప్రాణమంతా ఉంది.

జమ్మలమడుగు దగ్గర ఒక పంచాయతీవాళ్ళు కోతుల బోను ఒకటి చేసిపెట్టమంటే చేశాడు. చేశాక దాన్ని ఎలా వాడాలో వాళ్ళకు తెలియదు, ఇతనికీ తెలియదు. సరే చూద్దామని అక్కడే పదిరోజులు కూర్చున్నాడు. ఆ పదిరోజుల్లో అతనికి ఈ పని పట్టుబడింది. తర్వాత గ్రిల్లులూ గేట్లూ చేయడం తగ్గిపోయి, తోటల్లోనూ పంచాయతీల్లోనూ కోతులు పట్టి గండికోట కొండల్లో వదిలిపెట్టడమే బతుకుదెరువైంది.

అతని పద్ధతి వేరు. మిగతావాళ్ళు బోను పెట్టిన రోజే తలుపు వేసేస్తారు, నాలుగో ఐదో దొరుకుతాయి, మిగిలినవి హడలిపోయి తలా ఒక దిక్కుకు పారిపోతాయి. జమీర్ చిన్న గదంత బోను తెచ్చి తోటలో పెట్టి, పైనుంచి పడే తలుపును తాడుతో ఎత్తి కట్టేసి, ఆరు రోజులు లోపల అరటిపళ్ళు, చెనిక్కాయలు పోస్తూ ఊరికే కూర్చుంటాడు. ఆరు రోజులూ వెలిసిపోయిన నీలం చొక్కా ఒకటే. కోతులు మొదట అతన్ని చూసి పళ్ళికిలిస్తాయి, తర్వాత పట్టించుకోవు, ఆ తర్వాత అతని పక్క నుంచే లోపలికీ బయటికీ తిరుగుతాయి. ఈలోగా మందలో ప్రతిదాని ముఖమూ అతనికి తెలిసిపోతుంది. ఏడో రోజు అన్నీ లోపలికి వెళ్ళాక, బోనుకు ఈ పక్క నుంచి ఒకసారి, ఆ పక్క నుంచి ఒకసారి లెక్క చూసుకుని తాడు వదులుతాడు. ఒక్కటి కూడా బయట మిగలకూడదు. అందులోనూ తల్లీబిడ్డలను ఎడం చేయకూడదు, చేస్తే ఉసురు పోసుకున్నట్టే అనేవాడు. మేం ఉసురంటే వాళ్ళు బద్దువా అంటారు. ఏ పేరు పెట్టినా అందరికీ దాని భయం ఒకటే.

సాయంత్రాలు మా వసారాలో టీ తాగుతూ ఈ కోతుల సంగతే వాదన జరిగేది. మాట వినని మనుషులను దేవుడు ఒకప్పుడు కోతులుగా మార్చాడని చిన్నప్పుడు వాళ్ళ పెద్దలు చెప్పారని చాంద్‌బీ అనేది. మా ఆయన ఒప్పుకునేవాడు కాదు. అవి స్వామివారి వంశం, మనకంటే పై మెట్టు, మాట రాకపోవడం వాటికి దేవుడిచ్చిన వరం అనేవాడు. మరి పై మెట్టువాళ్ళను కర్రతో కొడతారేమని నేను మధ్యలో అందుకునేదాన్ని. జమీర్ ఇద్దరి మాటా విని నవ్వి, "పైనా కిందా నాకు తెల్దు సామీ. ఒకసారి నన్ను చూస్తే మరిచిపోవు, అంత మాత్రం తెలుసు" అన్నాడు. వల్లూరులో ఎప్పుడో పట్టి వదిలిన మందలోది ఒకటి, మూడేళ్ళ తర్వాత కొండ దారిలో ఇతని నీలం చొక్కా చూసి పిల్లను పొట్టకు కరుచుకుని పరుగెత్తిందట.

మొన్నటి మే నెలలో పవన్ కుమార్ ఫోన్ చేశాడు. నా పాత శిష్యుడు, పులివెందుల దగ్గర ఆరెకరాల అరటితోట ఉంది. కోతులు గెలలు కొరికి పారేస్తున్నాయి, నీళ్ళ కోసం డ్రిప్ పైపులు కొరుకుతున్నాయి. టపాకాయలు కాల్చి చూశాడు, గుడ్డ పులి బొమ్మ తెచ్చి పెట్టాడు. పులి బొమ్మ మీద కోతులు ఎక్కి నిద్రపోయాయి. మేడం, మీ జమీర్‌ను పంపించండి అని బతిమాలాడు.

అప్పటికి ఆర్షియా పురిటికి వచ్చి ఉంది. ఎనిమిదో నెల. జమీర్ ఇప్పుడు వద్దు, కాన్పు అయ్యాక చూద్దామన్నాడు. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా నోరులేని వాటి జోలికి పోకూడదని చాంద్‌బీ కూడా గట్టిగా అంది. నేను ఊరుకుంటేనా. చదువుకున్న పిల్లను ఇంట్లో పెట్టుకుని ఈ భయాలేమిటని కోప్పడ్డాను. వారం రోజుల పనికి ఇంత ఆలోచనా అన్నాను. టీచరమ్మ మాట కాదనలేక వెళ్ళాడు.

ఆరు రోజులూ అనుకున్నట్టే జరిగాయి. ఏడో రోజు పదకొండు గంటలకు మంద అంతా బోనులో ఉన్నట్టే కనిపించింది. జమీర్ ఈ పక్క నుంచి లెక్క చూసుకున్నాడు. చంటిపిల్లలను పొట్టకు కరుచుకున్న తల్లులు నాలుగున్నాయి, నాలుగూ లోపలే. ఆ పక్కకు వెళ్ళబోతుంటే ఫోన్ మోగింది. చాంద్‌బీ. ఆర్షియాకు నొప్పులొస్తున్నాయి, ఆస్పత్రికి తీసుకుపోతున్నాం, నువ్వు రా అని ఏడుపు. జమీర్ రెండో లెక్క చూడలేదు. తాడు వదిలేశాడు.

బోనును ట్రాలీ ఆటో మీదికి ఎక్కించి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు దాటి, గండికోట కొండల్లో ఎప్పుడూ వదిలే చోట వదిలిపెట్టి, సాయంత్రానికి ఆస్పత్రికి చేరాడు. అవి అసలు నొప్పులు కావన్నారు. మాత్రలిచ్చి ఇంటికి పంపించారు. ఉత్త పుణ్యానికి అందర్నీ పరుగెత్తించావని నేను ఆర్షియాను ఆటపట్టించాను. ఆ రాత్రి వాళ్ళింట్లో అందరూ హాయిగా నిద్రపోయారు.

రెండు రోజుల తర్వాత పొద్దున పవన్ నా ఫోన్‌కు ఒక వీడియో పంపించాడు. ఒక కోతి మిగిలిపోయింది మేడం, ఎంత తరిమినా పోవడం లేదు, ఏం చేయమంటారు అని కింద రాశాడు. జమీర్ మా వసారాలోనే ఉన్నాడు. ఇద్దరం కలిసి చూశాం.

తోటలో తడి మట్టి మీద బోను పెట్టిన గుర్తు నలుచదరంగా పడి ఉంది. ఆ గీతల వెంబడి ఒక ఆడకోతి నడుస్తోంది. నాలుగు వైపులా తిరిగి, మధ్యలో కూర్చుని, చుట్టూ చూసి, మళ్ళీ లేచి నడుస్తోంది. రొమ్ములు బిగిసిపోయి ఉన్నాయి. పాలు కారి పొట్ట మీది వెంట్రుకలు అట్టకట్టాయి.

జమీర్ మళ్ళీ వేయమన్నాడు. మూడుసార్లు చూశాడు. 

"ఇది తల్లి టీచరమ్మా" అన్నాడు.

తల్లులందరూ బోనులోనే ఉన్నారని నువ్వే చెప్పావు కదా అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. మందలో చెవి తెగిన వయసు పిల్ల ఒకటి ఉంది, దానికింకా ఈనే ఈడు రాలేదు. వాటిలో ఇది మామూలే, తల్లి నీళ్ళకో మేతకో పోయినప్పుడు పక్కవి బిడ్డను ఎత్తుకుంటాయి. ఆ రోజు తల్లి బోరు దగ్గరికి నీళ్ళు తాగడానికి పోయి ఉంటుంది, బిడ్డను ఆ చెవి తెగినది ఎత్తుకుని ఉంటుంది. ఫోన్ కంగారులో ఉన్న జమీర్ పొట్ట కింద బిడ్డనే చూశాడు, మోస్తున్నదాని ముఖం చూడలేదు. ఆరు రోజులు కూర్చుని తెలుసుకున్న ముఖాన్ని ఆ ఒక్క నిమిషం చూడలేదు. ఆ పక్కకు వెళ్ళి ఇంకోసారి చూసుంటే తెలిసిపోయేది.

"ఆ చెవి తెగినదానికి పాలు యాడొస్తాయి. బిడ్డకు పాలు లేక ఈపొద్దుకు రెండు దినాలు" అన్నాడు.

కొండల్లో బిడ్డను వెతికి పట్టుకోవడం మనిషి వల్ల కాదు. ఉన్న దారి ఒక్కటే, బిడ్డ ప్రాణం పోయేలోగా తల్లిని తీసుకెళ్ళి అక్కడ వదలాలి. సంగతి తెలిసి చాంద్‌బీ వీధిలోకి వచ్చింది. ఎప్పుడూ అరిచి మాట్లాడే మనిషి ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడింది.

"పో బేటా. తల్లీబిడ్డను కలిపి రా. లేకుంటే దాని బద్దువా మన పిల్ల కడుపుకు తగుల్తాది" అంది.

కిటికీ దగ్గర ఆర్షియా నిలబడి ఉంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. విన్నదో లేదో నేను అడగలేదు.

నన్ను కూడా రమ్మన్నాడు జమీర్. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. నాకు భయమేస్తాంది టీచరమ్మా అన్నాడు. పంపించింది నేను కదా, కాదనడానికి మొహం చెల్లలేదు. నడుం కింద దిండు పెట్టుకుని ట్రాలీ ఆటోలో పులివెందులకు బయలుదేరాను.

మేం వెళ్ళేసరికి అది బోరు షెడ్డు మీద ఉంది. జమీర్ నీలం చొక్కా చూసి పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. పళ్ళు కూడా ఇకిలించలేదు. ఊరికే చూసింది. పాత గుర్తుల్లోనే బోను దింపి, లోపల పళ్ళు, చెనిక్కాయలు, బెల్లం ముక్కలు పోసి, తాడు పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా అది కదల్లేదు.

ఈలోగా ఊళ్ళోవాళ్ళు పోగయ్యారు. వారం కిందటి దాకా ఉండేలు పట్టుకుని తిరిగినవాళ్ళే ఇప్పుడు పసుపు కుంకాలతో వచ్చారు. బిడ్డ కోసం తపస్సు చేస్తున్న అంజనమ్మ తల్లి అని ఎవరో పేరు పెట్టేశారు. కొబ్బరికాయలు కొట్టారు. రాజమ్మ అనే పెద్దావిడ సాగిలపడి, కొడుక్కి థర్మల్ ప్లాంటులో పని పర్మనెంటు చేయించమని మొక్కుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దాని బిడ్డను దానికియ్యలేకపోతాండాం. దాన్నేంది మనం అడిగేది?" అన్నాను.

వాళ్ళకు కోపం వచ్చింది. టెంకాయ చిప్పలు ఏరుకుని వెళ్ళిపోయారు. కోతి వాళ్ళనూ చూడలేదు, కొబ్బరి ముక్కలనూ ముట్టలేదు. చీకటి పడేదాకా ఎదురుచూసి మేం పవన్ వాళ్ళింటికి వెళ్ళాం. జమీర్ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేదు. వాడికి మూడు దినాలైతాంది, వాడికి మూడు దినాలైతాంది అని మాత్రం రెండుసార్లు అన్నాడు. కోతిపిల్లను వాడు అంటున్నాడని అతనికి తెలిసినట్టు లేదు.

మర్నాడు తెల్లవారగానే తోటకు పోయి, బోనులో పోసినదంతా ఎత్తి బయట పారేశాడు. ఒక్క గింజ కూడా మిగల్చలేదు. మేత లేకుండా ఎలా వస్తుందని నేనడిగితే, అది మేత కోసం కాచుకుని ఉండలేదన్నాడు. తాడు పట్టుకుని పదిహేనడుగుల దూరంలో నేల మీద కూర్చున్నాడు. నేను బోరు షెడ్డు పక్కన నులక మంచం మీద ఉన్నాను. పవన్‌ను కూడా ఇంటికి పంపించేశాం.

కాసేపటికి అది దిగి వచ్చింది. బోను చుట్టూ తిరిగింది. ఒక్కో ఊచా వాసన చూసింది. ఒక మూల ఆగి, ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి కింది రేకును తడిమి, ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది. తర్వాత తలుపు వైపు వచ్చి, లోపలికి నడిచి, గడప పక్కనే కూర్చుని జమీర్ వైపు మెడ తిప్పింది.

ఖాళీ బోనులోకి అది తనంతట తాను వెళ్ళింది. జమీర్ తాడు వదల్లేకపోయాడు.  నేను లోగొంతుకతో వదలమన్నాను, అతనికి వినపడలేదు. కోతి అతన్నే చూస్తోంది. దాని తోక గడప మీద, సరిగ్గా తలుపు పడే చోట ఉంది. అది ఒకసారి పైకి తలుపు వైపు చూసింది. తోకను లోపలికి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు జమీర్ తాడు వదిలాడు.

ఇది నేను నా కళ్ళతో చూశాను. ఇంటికొచ్చాక మా ఆయనకు చెబితే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. నాకు మాత్రం ఆ క్షణంలో భక్తి కలగలేదు, భయం వేసింది. మన గురించి మనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళ ముందు నిలబడితే వేసే భయం అది.

బోనులో కోతులు ఊచలు పట్టుకుని దారంతా ఊపుతాయి. ఇది కదల్లేదు. మెడ నిక్కించి ముందు వైపే చూస్తూ కూర్చుంది. ముద్దనూరులో రైలు గేటు పడితే ఆగాం. బడి పిల్లలు బిస్కెట్లు విసిరారు, అటు తిరగలేదు. దూరంగా థర్మల్ ప్లాంటు గొట్టాల పొగ కనిపిస్తోంది. జమీర్ దారి పొడుగునా అద్దంలోకి చూడకుండా నడిపాడు. "అది చూసేది నా ఈపుకు తెలుస్తాండాది" అన్నాడు ఒకసారి. 

రెండు గంటలకు కొండ దగ్గరికి చేరాం. ముళ్ళ చెట్లు, ఎర్ర బండలు, ఎండ. జమీర్ తలుపు ఎత్తాడు. అది దిగి నాలుగడుగులు నడిచి ఒక బండ ఎక్కి పిలిచింది. ఒక్కసారే. పై నుంచి ఎవరో బదులిచ్చారు. ఎవరో అని రాస్తున్నాను, ఏదో అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మంద ఒక్కటొక్కటిగా బండల మీదికి వచ్చింది. అన్నిటికంటే వెనక చెవి తెగినది వచ్చింది. మూడు కాళ్ళ మీద నడుస్తోంది, ఒక చేత్తో బిడ్డను రొమ్ముకు అదుముకుని ఉంది. బిడ్డ తల వేలాడుతోంది. జమీర్ ముందుకు పరుగెత్తబోయి ఆగిపోయాడు. బిడ్డ పోయి ఒక రోజు దాటి ఉంటుంది, ఎండకు ఒళ్ళు అప్పుడే వడిలిపోయింది.

చెవి తెగినది ఏ పెనుగులాటా లేకుండా బిడ్డను ఇచ్చేసింది. తల్లి దాన్ని తీసుకుని రొమ్ముకు పెట్టుకుంది. నోరు రొమ్మును అందుకోలేదు. మళ్ళీ పెట్టుకుంది. నోటి దగ్గర వాసన చూసింది. ఒళ్ళో పడుకోబెట్టుకుని తల మీద వెంట్రుకలు విడదీసి పేలు చూడటం మొదలుపెట్టింది. మిగతావి దూరంగా కూర్చున్నాయి, ఒక్కటీ అరవలేదు. నేను బోనుకు ఆనుకుని ఏడ్చేశాను.

జమీర్ మోకరిల్లాడు. "మాఫ్ కర్ మా, మాఫ్ కర్" అని అంటూనే ఉన్నాడు. అది తలెత్తింది. బిడ్డను ఎడమ చేత్తో పట్టుకుని బండ దిగి అతని దగ్గరికి వచ్చింది. కరుస్తుందని నేను కేక వేయబోయాను. అది జమీర్ కుడి చెయ్యి పట్టుకుంది. ముడుచుకుని ఉన్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది. అరచేతిలోకి చూసింది. ఏమీ లేదు. అతని ముఖంలోకి చూసి, చెయ్యి వదిలేసి, బిడ్డతో కొండ ఎక్కిపోయింది. మంద దాని వెనకే పోయింది.

జమీర్ ఇంటికొచ్చి బిడ్డ పోయిన సంగతి తల్లికి ఒక్కదానికే చెప్పాడు. ఆర్షియాకు, తల్లీబిడ్డ కలిసిపోయారని చెప్పాడు. ఒక రకంగా అది అబద్ధం కాదు.

ఆ రోజు నుంచి అతను శిక్ష కోసం కాచుకుని కూర్చున్నాడు. షాపు తెరవలేదు. ఇంట్లో గిన్నె కింద పడితే ఉలిక్కిపడి లోపలికి పరుగెత్తేవాడు. ఆర్షియా కాస్త ఎక్కువసేపు నిద్రపోతే తల్లిని పంపి లేపించేవాడు. కుడి చెయ్యి ఎప్పుడూ చొక్కా లోపల పెట్టుకునేవాడు. చాంద్‌బీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. మా ఆయన రోజూ ఆర్షియా పేరు మీద అర్చన చేశాడు. ఆ పిల్ల నక్షత్రం ఎవరికి తెలుసు, రోహిణి అని ఆయనే పెట్టేశాడు. వీధి కోతులు ఇదివరకు జమీర్ చొక్కా అల్లంత దూరాన కనపడితే మాయమయ్యేవి. ఇప్పుడు గోడల మీద అలాగే కూర్చుని చూస్తున్నాయి. నా భ్రమే కావచ్చు. కానీ నేనూ సాయంత్రమైతే మిద్దె ఎక్కడం మానేశాను.

పంతొమ్మిదో రోజు ఆర్షియాకు నొప్పులొచ్చాయి. మధ్యాహ్నం కాన్పయింది. ఆడపిల్ల, మూడు కిలోలు, ఆపరేషన్ కూడా లేకుండా. జమీర్ వార్డు తలుపు దగ్గర నర్సును పిల్ల ఏడ్చిందా, వేళ్ళన్నీ ఉన్నాయా అని రెండుసార్లు అడిగాడు. నర్సు నవ్వి బిడ్డను అందించబోతే చెయ్యి బాగాలేదని వెనక్కి జరిగాడు. చాంద్‌బీ వీధంతా మిఠాయి పంచింది. బద్దువా తగల్లేదని, దేవుడు గొప్పవాడని అందరికీ చెప్పింది. నాకూ గుండెల మీద నుంచి బండ దించినట్టయింది.

పన్నెండు రోజులు గడిచినా జమీర్ బిడ్డను ఎత్తుకోలేదు. ఆర్షియా ఏడ్చిందట, నాన్నకు ఆడపిల్ల ఇష్టం లేదా అని. ఇక లాభం లేదని నేనే అతన్ని వసారాలోకి పిలిచి కూర్చోబెట్టి గట్టిగా అడిగాను.

"ఏమీ కాలే టీచరమ్మా" అన్నాడు.

"మంచిదే కదప్పా. ఇంకేం గావాల నీకు?"

 అతను తల వంచుకుని చెప్పాడు. అది తన అరచెయ్యి విప్పి చూసింది, ఈ చేతే తాడు వదిలిందని దానికి తెలుసు, అంతా తెలిసే వదిలేసి పోయింది అన్నాడు. నోరులేని జంతువుకు శాపాలూ అవీ ఏం తెలుస్తాయని నేను సర్దిచెప్పబోయాను.

"తెలివి లేక ఇడిసిపెట్టిందంటారా? తోక లోపలికి తీసుకున్యాది మీరు చూళ్ళేదా?"

చూశాను. 

"నా బిడ్డకే అట్లయ్యుంటే, చేసినోడి వంశం నాశనం గావాలని నేను దినామూ దువా చేస్తాంటి. అది చెయ్యలే. అది బద్దువా ఇచ్చుంటే బాగుండు టీచరమ్మా. అదీ నేనూ ఒకటే అనుకుంటాంటి."

 నేను టీ గ్లాసు ముందుకు జరిపాను. తీసుకోలేదు.

"ఈ పిల్ల నాకు పుట్టిన మనవరాలు గాదు. అది నాకిడిసిపెట్టిన బిడ్డ. యా మొగం పెట్టుకోని ఎత్తుకునేది?"

వీధి చివర బిడ్డ ఏడుపు వినిపించింది. చాంద్‌బీ పొత్తిళ్ళతో గుమ్మంలోకి వచ్చి, ఒక్కసారి వచ్చి ఎత్తుకోమని పేరు పెట్టి పిలిచింది. ఆర్షియా ఆమె వెనక నిలబడి మా వసారా వైపే చూస్తోంది. చాంద్‌బీ మళ్ళీ పిలిచింది. జమీర్ లేవలేదు.